ఫిలిం సొసైటీ కొత్త చోటికి మారుతున్నప్పుడు సభ్యులు, అభిమానులు చేయగలిగిన సాయం

ఫిలిం సొసైటీ అంటే మంచి సినిమాలను కలిసి చూసే సభ్యుల సంఘం. సొంత భవనం ఉన్న ఫిలిం సొసైటీలు మన దగ్గర చాలా అరుదు. ఎక్కువ సొసైటీలు ఒక అద్దె గదిలో కార్యాలయం పెట్టుకొని, ఇంకెవరి హాల్లోనో సినిమాలు వేసుకుంటూ, సభ్యుల చందాల మీద, కార్యవర్గంలోని నలుగురైదుగురి ఓపిక మీద నడుస్తుంటాయి. యజమాని పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టాలనుకున్నా, అద్దె ఒక్కసారిగా పెరిగినా, ఏళ్ల తరబడి ప్రదర్శనలకు ఇచ్చిన ప్రివ్యూ థియేటర్ మూతపడినా, పిల్లి తన పిల్లలను ఇల్లిల్లూ తిప్పినట్టు ప్రొజెక్టరునీ పుస్తకాలనూ తీసుకొని మరో చోటు వెతుక్కోవలసి వస్తుంది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం, కరీంనగర్ వంటి ఊళ్లలో లాభాపేక్ష లేకుండా పనిచేసే రిజిస్టర్డ్ సొసైటీ ఇలా మారుతున్నప్పుడు, కార్యవర్గంలో లేని మామూలు సభ్యులూ సినిమా మీద ప్రేమ ఉన్న ఇతరులూ ఏ పనిని ఎలా చేస్తే నిజంగా ఉపయోగపడుతుందో ఇక్కడ వివరిస్తున్నాను.

సామాను ఎత్తడానికి ఒక ఆదివారం పూట మనుషులు సులువుగానే దొరుకుతారు. ఆ ఆదివారానికి ముందు రెండు మూడు నెలల పాటు సాగే కాగితాల పనికీ, ఆ తర్వాత ఏడాది పొడవునా ప్రదర్శనలకు క్రమం తప్పకుండా రావడానికీ మాత్రం మనుషులు కరువవుతారు. నా అభిప్రాయంలో సొసైటీలు మూతపడేది ఈ రెండు చోట్లే. కాబట్టి మీ సమయాన్నీ డబ్బునూ ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకునేటప్పుడు వీటినే ముందు గుర్తు పెట్టుకోవాలి.

మొదట చేయవలసింది కార్యదర్శిని కలిసి అవసరాల పట్టిక అడగడం. పట్టిక లేకపోతే దాన్ని తయారు చేయడమే మీ మొదటి సాయం. ఎవరికి తోచింది వారు తెచ్చి ఇస్తే, కొత్త గది మొదటి నెలలోనే పాత సోఫాలతో, పనిచేయని టీవీలతో నిండిపోతుంది. వాటిని వదిలించుకోవడానికి సొసైటీకి మళ్లీ ఖర్చు. పట్టికలో వస్తువులతో పాటు నైపుణ్యాలు కూడా ఉండాలి: ఒప్పందం చదివే న్యాయవాది, లెక్కలు చూసే ఆడిటరు, వైరింగు చూసే ఎలక్ట్రీషియన్, ధ్వని గురించి తెలిసిన ఇంజనీరు, జాబితాలు ఓపికగా రాసేవారు. ఇవన్నీ సభ్యుల్లోనే దొరికే అవకాశం ఉంది. అడిగేవారు లేక బయటపడరు, అంతే.

కొత్త చోటు చూసేటప్పుడు

అద్దె, విస్తీర్ణం మాత్రమే చూసి గది ఖాయం చేసుకోవడం సర్వసాధారణంగా జరుగుతుంది. సినిమా వేయడానికి ఆ గది పనికొస్తుందో లేదో టేపు పట్టుకొని కొలిచి చూడడం అరగంట పని, దాన్ని ఏ సభ్యుడైనా చేయవచ్చు. సొసైటీ దగ్గరున్న ప్రొజెక్టరు మాన్యువల్‌లో త్రో రేషియో అనే అంకె ఉంటుంది. దానిని తెర వెడల్పుతో గుణిస్తే ప్రొజెక్టరు తెరకు ఎంత దూరంలో ఉండాలో తెలుస్తుంది. త్రో రేషియో 1.5 అయి, తెర 10 అడుగుల వెడల్పు ఉండాలనుకుంటే ప్రొజెక్టరును 15 అడుగుల దూరంలో అమర్చాలి. అదే తెర 16:9 నిష్పత్తిలో ఉంటే ఎత్తు దాదాపు అయిదున్నర అడుగులు అవుతుంది. నేల చదునుగా ఉన్న గదిలో ముందు వరుసలోని వారి తలలు అడ్డురాకుండా ఉండాలంటే తెర కింది అంచు నేలకు కనీసం 4 అడుగుల ఎత్తున ఉండాలి. రెండూ కలిపితే తొమ్మిదిన్నర అడుగులు దాటుతుంది. అంటే 10 అడుగుల స్లాబు ఉన్న మామూలు ఇంటి హాల్లో అది కష్టం మీద సరిపోతుంది. మధ్యలో దూలం వచ్చిందంటే సరిపోదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఫిలిం సొసైటీలు వేసేవి ఎక్కువగా పరభాషా చిత్రాలు. కింద వచ్చే ఉపశీర్షికలు నాలుగో వరుసలోని వారికి కనబడకపోతే వారికి సినిమా సగం పోయినట్టే. వెనక వరుస తెర ఎత్తుకు ఆరు రెట్లకు మించిన దూరంలో ఉన్నా, అంటే పై లెక్కలో సుమారు 33 అడుగులు దాటినా, ఆ అక్షరాలు చదవడం కష్టమవుతుంది.

మిగిలిన విషయాలను సాయంత్రం పూట వెళ్లి చూడాలి. ప్రదర్శన ముగిసే వేళకు అక్కడి నుంచి బస్ స్టాపుకో మెట్రో స్టేషనుకో నడిచి వెళ్లి, దారిలో వీధి దీపాలు ఉన్నాయో లేదో, చివరి బండి దొరుకుతుందో లేదో చూడండి. ఒక మహిళా సభ్యురాలు, ఒక పెద్ద వయసు సభ్యుడు కూడా ఈ నడకలో ఉంటే మంచిది, ఎందుకంటే కొత్త చోటు కారణంగా మొదట రావడం మానేసేది తరచుగా వారే. లిఫ్టు లేని మూడో అంతస్తు ఎంత చౌకగా వచ్చినా, మోకాళ్ల నొప్పులున్న పాత సభ్యులను, చక్రాల కుర్చీ వాడేవారిని అది దూరం చేస్తుంది. నివాస భవనమైతే పై ఇంటివారిని, అసోసియేషన్‌ను ముందే కలిసి, రాత్రి తొమ్మిది దాటాక కూడా శబ్దం వస్తుందని చెప్పి వారి అంగీకారం తీసుకోవాలి. బయటికి వెళ్లడానికి రెండు దారులు ఉన్నాయా, మంటలార్పే సిలిండర్లు పెట్టే చోటు ఉందా, విద్యుత్ లోడు, ఎర్తింగు సరిగ్గా ఉన్నాయా అన్నవి ఎలక్ట్రీషియన్ సభ్యుడు చూసి రాతపూర్వకంగా ఇస్తే కార్యవర్గానికి నిర్ణయం తేలికవుతుంది.

ఒప్పందం, చిరునామా మార్పులు

మన ఊళ్లలో అద్దె ఒప్పందాలు 11 నెలలకే రాసుకోవడానికి కారణం ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూల నియమం ప్రకారం ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి (1999 నాటి రాష్ట్ర సవరణతో మన దగ్గర అంతకంటే తక్కువ కాలపు లీజులకూ ఇది వర్తిస్తుంది, కానీ పాత అలవాటు పోలేదు). ఆ ఖర్చు, శ్రమ వద్దనుకొని అందరూ 11 నెలల దగ్గర ఆగుతారు. ఇంటి విషయంలో అది నడుస్తుంది కానీ, తెర బిగించి, నల్ల తెరలు కట్టి, వైరింగు మార్చుకొని, సభ్యులందరికీ కొత్త దారి అలవాటు చేసే సొసైటీకి 11 నెలలు మరీ తక్కువ. మూడేళ్లకో అయిదేళ్లకో లీజు రాయించుకొని రిజిస్టర్ చేయించడానికి అయ్యే స్టాంపు ఖర్చును భరిస్తానని ఒక దాత ముందుకు వస్తే, ఆ విరాళం కొత్త ప్రొజెక్టరు కంటే ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం. న్యాయవాది అయిన సభ్యులు ఒప్పందంలో నాలుగు అంశాలను ప్రత్యేకంగా చూడాలి: ప్రదర్శనలకు, సమావేశాలకు వాడుకోవచ్చని స్పష్టంగా ఉందా, అద్దె ఏటా ఎంత శాతం పెరుగుతుంది, ఖాళీ చేయమనాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, సొసైటీ బిగించుకున్న సామగ్రిని వెళ్లేటప్పుడు తీసుకుపోవచ్చా.

ప్రదర్శనల అనుమతుల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. రెండు రాష్ట్రాలలోనూ బహిరంగ సినిమా ప్రదర్శనలకు 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం వర్తిస్తుంది. సభ్యులకు మాత్రమే వేసే ప్రదర్శనలు ఆ పరిధిలోకి ఎంతవరకు వస్తాయో, కొత్త చిరునామాకు ఏ పత్రాలు కావాలో స్థానిక లైసెన్సు అధికారి కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. సెన్సారు ధ్రువపత్రం లేని విదేశీ చిత్రాల విషయంలో మినహాయింపు తీసుకోవలసిన బాధ్యత చోటు మారినంత మాత్రాన మారదు.

ఇక చిరునామా మార్పులు. ఈ పనికి ఎవరూ ముందుకు రారు, కానీ ఇది జరగకపోతే సొసైటీకి ఏడాది తర్వాత నోటీసులు పాత గుమ్మానికి వెళ్తాయి. ముందుగా నియమావళి ప్రకారం కార్యవర్గంలోనూ, అవసరమైతే సర్వసభ్య సమావేశంలోనూ తీర్మానం చేయాలి. మన రెండు రాష్ట్రాల సొసైటీలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉంటాయి కాబట్టి ఆ తీర్మానం ప్రతిని, అద్దె ఒప్పందాన్ని జతచేసి రిజిస్ట్రారుకు తెలియజేయాలి. ఆ తర్వాత పాన్, ఆదాయపు పన్ను పోర్టల్, బ్యాంకు ఖాతా, స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్, ఫెడరేషన్ ఆఫ్ ఫిలిం సొసైటీస్ ప్రాంతీయ కార్యాలయం, బీమా కంపెనీ, ఇంటర్నెట్, కొరియర్లు, చివరికి పోస్టాఫీసు. ఒక సభ్యుడు ఈ జాబితా మొత్తం తన భుజాన వేసుకొని, ఒక్కొక్కదానికి దరఖాస్తు చేసిన తేదీ, రశీదు సంఖ్య ఒక పుస్తకంలో రాస్తూ పోతే కార్యదర్శి మిగతా పని ప్రశాంతంగా చూసుకోగలుగుతారు.

డబ్బు ఇవ్వడం ఎలా

చోటు మారినప్పుడు ఖర్చులు రెండు రకాలు. అడ్వాన్సు, స్టాంపు ఖర్చు, వైరింగు, రంగులు, రవాణా ఒక్కసారి అయ్యేవి. అద్దె, కరెంటు, నిర్వహణ ప్రతి నెలా అయ్యేవి. మొదటి రకానికి విరాళాలు ఉత్సాహంగా వస్తాయి, ఎందుకంటే ఫలానా తెర నేను కొనిచ్చాను అని చెప్పుకోవచ్చు. రెండో రకానికి ఎవరూ ఇవ్వరు. ఉదాహరణకు కొత్త చోటి అద్దె, కరెంటు కలిపి నెలకు 25,000 రూపాయలు అవుతుందనుకుందాం. వంద మంది నెలకు 250 రూపాయల చొప్పున బ్యాంకు నుంచి తనంతట తానే వెళ్లేలా ఏర్పాటు చేస్తే ఆ ఖర్చు గడుస్తుంది. ఒక పెద్దాయన ఒకేసారి మూడు లక్షలు ఇచ్చినా అదే మొత్తం వస్తుంది, కానీ మరుసటి ఏడాది ఆయన ఇవ్వకపోతే సొసైటీ మళ్లీ సామాను సర్దుకోవాలి. అందుచేత చిన్న మొత్తమైనా సరే, నెలనెలా, కనీసం ఏడాది పాటు ఇస్తానని మాట ఇవ్వండి, ఆ మాటను రాతలో పెట్టండి. మీరు ఇచ్చే డబ్బును ఫలానా పనికే వాడాలని షరతు పెట్టకపోతే కార్యవర్గానికి ఇంకా వెసులుబాటు కలుగుతుంది.

అడ్వాన్సు కోసం అప్పుగా ఇవ్వదలచుకుంటే ఇది అప్పా విరాళమా అన్నది మొదటే కాగితం మీద తేల్చాలి. స్నేహం కొద్దీ మాట మీద ఇచ్చిన అప్పులు కార్యవర్గం మారగానే వివాదాలవుతాయి. 20,000 రూపాయలు, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. బ్యాంకు ద్వారానే ఇవ్వాలి.

పన్ను మినహాయింపు కోసం ఇచ్చేవారు ముందుగా సొసైటీకి మనం 80జీ అని పిలుచుకునే ఆమోదం ఉందో లేదో, దాని గడువు ఉందో లేదో అడగాలి. ఆమోదం ఉన్నా 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి మినహాయింపు రాదు, వస్తు రూపంలో ఇచ్చిన దానికీ రాదు. ఈ మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే దక్కుతుంది. కొత్త విధానం ఎంచుకున్న ఉద్యోగులకు దక్కదు. మీ పాన్ నంబరు సొసైటీకి ఇచ్చి, సొసైటీ ఆ వివరాలను ఆదాయపు పన్ను శాఖకు సమర్పిస్తేనే మీ మినహాయింపు నిలుస్తుంది. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి రావడంతో సెక్షన్ల సంఖ్యలు మారాయి, కాబట్టి పాత ఫారాల పేర్లతో పని కానివ్వకుండా ఆడిటరును అడిగి చేయడం శ్రేయస్కరం.

విదేశాల్లోని తెలుగువారి విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంచి మనసుతో పంపిన డబ్బు సొసైటీని చట్టపరమైన చిక్కుల్లోకి నెట్టే అవకాశం ఇక్కడే ఉంది. భారత పౌరసత్వం నిలుపుకొని అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటున్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే విరాళాన్ని విదేశీ విరాళంగా పరిగణించరు. అదే వ్యక్తి అమెరికా పౌరసత్వం తీసుకొని ఉంటే, భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఆ డబ్బు విదేశీ విరాళమే అవుతుంది. దానిని తీసుకోవాలంటే సొసైటీకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి, ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఇందుకోసమే తెరిచిన ఖాతాలోకే రావాలి. ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న మరో సంస్థకు పంపి అక్కడి నుంచి ఇప్పించే పద్ధతిని 2020 సవరణ మూసివేసింది. ఇక్కడి బంధువు ఖాతాలో వేసి ఆయన పేరున ఇప్పించడం చట్టాన్ని తప్పించుకునే ప్రయత్నమే కాబట్టి దయచేసి ఆ పని చేయవద్దు. అక్కడి నుంచి ప్రొజెక్టరు పంపినా అది కూడా విదేశీ విరాళం కిందికే వస్తుంది. అయితే మీ సమయానికి ఈ ఇబ్బంది లేదు. డీవీడీల జాబితాను కంప్యూటరులో ఎక్కించడం, కరపత్రాలు రూపొందించడం, తెలుగు ఉపశీర్షికలు సరిచూడడం వంటి పనులను డాలస్‌లో కూర్చొని కూడా చేయవచ్చు.

చిన్న చిన్న విరాళాలతో ఎంత పని జరుగుతుందో సందేహించేవారు కేరళ వైపు చూడాలి. 1965లో, తర్వాత పేరున్న దర్శకుడైన అదూర్ గోపాలకృష్ణన్, మిత్రులు తిరువనంతపురంలో ప్రారంభించిన చిత్రలేఖ ఫిలిం సొసైటీ తర్వాత ఆ రాష్ట్రంలో ఊరూరా సొసైటీలు వెలిశాయి. 1984లో మలయాళ దర్శకుడు జాన్ అబ్రహాం చుట్టూ చేరిన ఒడెస్సా బృందం ఊళ్లు తిరిగి, సినిమాలు వేసి, జనం ఇచ్చిన డబ్బుతో ఒక పూర్తి నిడివి చలనచిత్రమే తీసింది. ఒక గది అద్దె కట్టుకోవడం దానికంటే పెద్ద పని కాదు.

సామాను సర్దడం

ఫిలిం సొసైటీ సామానులో డబ్బు పెట్టి కొనుక్కోగలిగినవి కొన్ని, పోతే మళ్లీ రానివి కొన్ని ఉంటాయి. కుర్చీలు, బీరువాలు, కంప్యూటర్లు మొదటి రకం. పాత ప్రింట్లు (సినిమాల ఫిలిం రీళ్లు), పాటల పుస్తకాలు, పోస్టర్లు, రూపవాణి, విజయచిత్ర వంటి పత్రికల సంచికలు, సొసైటీ తొలినాటి కరపత్రాలు, హాజరు పుస్తకాలు రెండో రకం. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ మనకు ఈనాడు చూడడానికి లేదు. ఆ కాలపు సినిమాలు చాలా వాటి గురించి తెలిసిన కాస్తా పాటల పుస్తకాల నుంచీ, ప్రకటనల నుంచీ తెలిసిందే. అందుకే అట్టపెట్టెలో అడుగున పడి ఉన్న పలచటి పాటల పుస్తకాన్ని చిత్తు కాగితం అనుకొని తీసిపారేయకూడదు. సర్దే రోజున చెత్త బుట్ట దగ్గర సినిమా చరిత్ర తెలిసిన ఒక పెద్దవారిని కూర్చోబెట్టి, వారు చూసి సరే అన్నాకే దేన్నయినా బయట పడేయడం మంచి పద్ధతి.

ప్రింట్లున్న సొసైటీలలో ముందుగా ముక్కుతో పరీక్ష చేయాలి. డబ్బా మూత తెరవగానే వెనిగర్ వాసన వస్తే లోపలి ఎసిటేట్ (ఒక రకం ప్లాస్టిక్) ఫిలిం క్షీణించడం మొదలైందని అర్థం. ఆ ఆమ్లపు ఆవిరి పక్క డబ్బాలకు కూడా సోకుతుంది కాబట్టి అటువంటి వాటిని వేరు చేసి, వేరే పెట్టెల్లో, గాలి తగిలే చోట పెట్టాలి. వేడి, తేమ ఈ క్షయాన్ని వేగవంతం చేస్తాయి. మన కోస్తా ఊళ్లలో రెండూ పుష్కలం. 1950ల తొలినాళ్లకు ముందరి 35 ఎంఎం ఫిలిం ఏదైనా కనబడితే అది నైట్రేట్, అంటే సులువుగా నిప్పంటుకునే పాతకాలపు ఫిలిం, కావచ్చు. నైట్రేట్ ఒకసారి అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. 2003 జనవరిలో పుణెలో నైట్రేట్ ఫిలిం నిల్వకు నిప్పంటుకొని దేశపు తొలితరం సినిమాల ప్రింట్లు ఎన్నో బూడిదయ్యాయి. అనుమానం ఉన్న డబ్బాను కదపకుండా, వ్యానులో ఎక్కించకుండా, 1964లో పుణెలో ఏర్పడిన జాతీయ చలనచిత్ర ఆర్కైవ్‌ను సంప్రదించాలి. 2014లో స్థాపించిన ఫిలిం హెరిటేజ్ ఫౌండేషన్ 2019 డిసెంబరులో హైదరాబాదు అన్నపూర్ణ స్టూడియోస్‌లో ఫిలిం పరిరక్షణ శిక్షణ శిబిరం నిర్వహించింది. అందులో శిక్షణ పొందినవారు మీ పరిచయస్థులలో ఉంటే ఈ దశలో వారి సలహా విలువైనది.

మన దగ్గర సినిమా నిడివిని రీళ్లలో చెప్పడం అలవాటు. వెయ్యి అడుగుల 35 ఎంఎం రీలు సుమారు 11 నిమిషాలు నడుస్తుంది, రెండున్నర గంటల సినిమాకు దాదాపు 14 రీళ్లు, అంటే 14 డబ్బాలు. వాటిలో ఒక్కటి తప్పిపోయినా ఆ ప్రింటు వేయడానికి పనికిరాదు. ఒక్కో డబ్బా మీద సినిమా పేరు, మొత్తం ఎన్నింటిలో ఎన్నో రీలు అన్నది స్పష్టంగా రాసి, ఒక సినిమా డబ్బాలన్నీ ఒకే చోట, పడుకోబెట్టి, తక్కువ ఎత్తు దొంతరలుగా రవాణా చేయాలి. జినాన్ దీపం ఉన్న పాత ప్రొజెక్టరు జోలికి స్వచ్ఛంద సేవకులు వెళ్లకూడదు. ఆ దీపంలో వాయువు అధిక పీడనంతో ఉంటుంది, పగిలితే గాయాలవుతాయి, కాబట్టి ఆపరేటరో మెకానిక్కో వచ్చి విప్పాలి.

మిగతా వాటికి కొద్దిపాటి జాగ్రత్త చాలు. పోస్టర్లను మడవకుండా, టేపు అతికించకుండా, వీలైతే చదునుగా, లేకపోతే గొట్టాల్లో చుట్టి పెట్టాలి. కాపాడాలన్న ఉద్దేశంతో లామినేషన్ చేయించడం వాటికి శాశ్వతమైన హాని. పుస్తకాల పెట్టెలను కొత్త గదిలోకి తెచ్చే ముందు చెదలు, పురుగులు ఉన్నాయేమో ఒక్కొక్కటి తెరిచి చూడాలి. హార్డ్ డిస్కులలో ఉన్నదానికి మారడానికి ముందే మరో ప్రతి తీసి, రెండింటినీ వేర్వేరు బండ్లలో, వేర్వేరు చేతుల్లో పంపాలి. ప్రొజెక్టరు, ఆంప్లిఫయరు, స్పీకర్ల వైర్లు పీకే ముందు ఫోనుతో ఫొటోలు తీసి, ప్రతి వైరుకూ చీటీ కట్టాలి. ప్రతి పెట్టెకూ ఒక సంఖ్య, ఆ సంఖ్య ఎదురుగా రిజిస్టరులో లోపలేముందో, కొత్త చోట ఏ మూల పెట్టాలో ఉండాలి. ఈ రిజిస్టరు రాయడం ఇద్దరు ముగ్గురు సభ్యులకు నాలుగైదు సాయంత్రాల పని, కానీ ఆ తర్వాత అదే సొసైటీకి తొలి ఆస్తుల జాబితాగా నిలుస్తుంది.

తేదీ విషయంలో వాతావరణాన్ని చూసుకోవాలి. ఆషాఢంలో ఇళ్లు మారేవారు తక్కువ కాబట్టి డీసీఎం వ్యాన్లు, హమాలీలు సులువుగా దొరుకుతారు, బేరమూ కుదురుతుంది, కానీ అవి వానలు మొదలయ్యే రోజులు. మే నెల ఎండలో వ్యానులో గంటల తరబడి ఉంటే ఫిలిం, డిస్కులు పాడవుతాయి. వీలుంటే శీతాకాలం మంచిది, వీలుకాకపోతే తెల్లవారుజామునే మొదలుపెట్టి, ఎండ ముదరక ముందే ప్రింట్లు, కాగితాలు చేర్చేసి, కుర్చీలు, బీరువాలు తర్వాత తరలించాలి. బరువులు మోసే పని హమాలీలకు తగిన కూలి ఇచ్చి వారికే అప్పగించాలి; సభ్యులు రెండు గుమ్మాల దగ్గరా రిజిస్టరు పట్టుకొని పెట్టెలు లెక్క చూసుకుంటే చాలు. టార్పాలిన్, మంచినీళ్లు, టిఫిన్లు ఎవరు తెస్తారో ముందు రోజే తేల్చుకోవాలి.

ప్రదర్శన ఆగకుండా

పాత చోటు వదిలాక కొత్త గది సిద్ధమయ్యే వరకు కొన్ని వారాలు పట్టవచ్చు. ఆ వారాల్లో ప్రదర్శనలు ఆపేస్తే ప్రేక్షకులు ఆదివారం సాయంత్రానికి వేరే వ్యాపకం చూసుకుంటారు. నెలకు ఒక్క ప్రదర్శనైనా సరే, అరువు చోట వేస్తూ ఉండాలి. హైదరాబాదులో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, బంజారాహిల్స్ లామకాన్, రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ వంటివి ఉన్నాయి. మిగతా ఊళ్లలో కళాశాలల సెమినార్ హాళ్లు, గ్రంథాలయాల సమావేశ మందిరాలు ఉంటాయి. మీరు పనిచేసే కళాశాలలోనో కార్యాలయంలోనో హాలు ఉంటే, దానికి అనుమతి ఇప్పించడం మీరు ఈ దశలో చేయగల అతి పెద్ద సాయం. డీవీడీలు విరాళంగా ఇచ్చేవారు మాత్రం ఒక సంగతి గమనించాలి: ఇంట్లో చూడడానికి కొన్న డిస్కును హాల్లో వేయాలంటే హక్కుదారు అనుమతి వేరుగా కావాలి, నకలు డిస్కులు సొసైటీ బీరువాలో ఉండనే కూడదు. దర్శకులతో, నిర్మాతలతో పరిచయం ఉన్న సభ్యులు ఒక ప్రదర్శనకు రాతపూర్వక అనుమతి సంపాదించి ఇస్తే అది వంద డిస్కుల కంటే విలువైనది.

కొత్త చోట మొదటి మూడు నెలల కార్యక్రమాన్ని మారడానికి ముందే ప్రకటించమని కార్యవర్గాన్ని కోరండి. మొదటి సినిమాకు అందరూ వస్తారు, అయిదో ఆరో ప్రదర్శన దగ్గర హాజరు పడిపోతుంది. ఆ సమయానికి మీరు ఒక పని పెట్టుకోవచ్చు. పాత సభ్యుల జాబితా తీసుకొని, కొత్త చోటికి ఇంకా రానివారికి ఫోను చేసి, దారి తెలియకా, దూరమై రాలేకా, ఆసక్తి లేకా అని మర్యాదగా అడగండి. దూరమన్నవారిని ఒకే వైపు నుంచి బండి మీద వచ్చే మరో సభ్యుడితో కలపవచ్చు. కొత్త చోటి చుట్టుపక్కల ఉన్న కళాశాలల విద్యార్థులకు, పక్క వీధి వారికి మొదటి నెల ప్రవేశం ఉచితమని చెప్పే చిన్న కరపత్రం తెలుగులోనో ఉర్దూలోనో, ఆ పేటలో వాడే భాషలో, అచ్చువేయించి పంచవచ్చు. పాత భవనం కాపలాదారుకు కొత్త చిరునామా రాసిన కార్డులు ఇచ్చి ఉంచండి. తెలియక అక్కడికే వచ్చేవారు, అక్కడికే చేరే ఉత్తరాలు ఏడాది వరకూ ఉంటాయి. పాత యజమాని తిరిగి ఇవ్వవలసిన అడ్వాన్సు, కరెంటు బిల్లు చివరి రీడింగు, గది తాళాలు అప్పగించినట్టు సంతకం చేసిన కాగితం ఇవన్నీ సొసైటీ ఫైలులో చేరే వరకూ కార్యదర్శికి గుర్తు చేస్తూ ఉండండి.